వన్‌టౌన్ మేడమీద మూడు పట్టాలు

మెట్లు ఇరుకు, గోడ పట్టుకుని ఎక్కండి. ఆదివారం సాయంత్రం నాలుగున్నర అయింది. కింద విశాఖ వన్‌టౌన్‌లోని కురుపాం మార్కెట్ వైపు నుంచి ఆటోల హారన్లు ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి. డాబా మీదికి రాగానే ఇళ్ల కప్పుల మీదుగా రేవు క్రేన్లు కనబడతాయి, వాటి వెనక డాల్ఫిన్స్ నోస్ కొండ. చూశారుగా, ఇక లోపలికి వచ్చి తలుపు వేసెయ్యండి. కిటికీ తెరవకండి. ఉక్కపోస్తే ఫ్యాను వేసుకుందాం. ఈ గదిలో మనుషుల సుఖం కంటే పట్టాల శుభ్రం ముందు.

గోడ నుంచి గోడ దాకా చెక్కబల్ల. దాని మీద రెండు చుట్ల బొమ్మ రైలు పట్టాలు, రేకు స్టేషను, చేత్తో ఎత్తి దించే సిగ్నలు, గోడవారగా నెమ్మదిగా పైకి పోయే ఒక వాలు. బళ్లన్నీ ఇంకా అలమరాలోనే ఉన్నాయి. వాటి సంగతి తర్వాత. ఈ పాత పంచె ముక్క తీసుకుని, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నాలుగు చుక్కలు వేసి, పట్టా తల మీద ఆ మూల నుంచి ఈ మూల దాకా ఒక్కసారి రాయండి. ఇప్పుడు గుడ్డ చూడండి. నల్లగా ఉంది కదూ. ఇది నిన్న రాత్రి తుడిచిన పట్టా.

అందులో బొగ్గు నుసి ఉంది, ఇనుప ఖనిజపు ధూళి ఉంది, అన్నిటికీ మించి సముద్రపు ఉప్పు తేమ ఉంది. డాబా మీద తెల్ల లుంగీ ఆరేసుకున్న వన్‌టౌన్ వాళ్లెవరికీ దీని గురించి చెప్పక్కర్లేదు. పెద్ద రైలుకు పైతీగలో పాతిక వేల వోల్టులు పారుతుంటాయి, దానికి ఈ నుసి ఒక లెక్కలోది కాదు. ఇక్కడున్నవి 12 వోల్టులు. ఈ సన్నటి పొర చాలు, బండిని నిలబెట్టెయ్యడానికి. అందుకే తుడుద్దాం. మీరు బయటి చుట్టు పట్టండి, నేను లోపలిది పడతాను.

తుడుస్తున్నప్పుడు మీరు గమనించే ఉంటారు, పట్టాలు రెండు కావు, మూడు. మధ్యలో పోయేదానికీ రేకు అడుగుకూ మధ్య కరెంటు దాటని బిళ్లలున్నాయి. మధ్య పట్టా నుంచి కరెంటు బండిలోకి ఎక్కుతుంది, చక్రాల గుండా అటూ ఇటూ ఉన్న పట్టాల్లోకి దిగి వెనక్కి వెళ్తుంది. చూడ్డానికి అసలు రైలులా ఉండదని చాలామంది దీన్ని చిన్నచూపు చూస్తారు. నాకు మాత్రం ఇదే ఇష్టం. రెండు పట్టాల బొమ్మ రైలులో దారిని గుండ్రంగా తిప్పి మళ్లీ అదే లైనులో కలిపితే కుడి పట్టా పోయి ఎడమ పట్టాను తాకుతుంది, షార్టవుతుంది. ఇందులో ఆ బెడదే లేదు. ఎలా మెలి తిప్పినా మధ్య పట్టా మధ్య పట్టాతోనే కలుస్తుంది. ఏడెనిమిదేళ్ల పిల్లాడు నేల మీద కూర్చుని తోచినట్టు పట్టాలు అతికించుకున్నా బండి నడవాలి, అదీ దీన్ని చేసినవాళ్ల లెక్క. పైగా విశాఖలో పుట్టినవాళ్లకు ఇది కొత్తేం కాదు. పైన తీగలోంచి తీసుకుని కింద పట్టాలోకి వదిలే మన ఏసీ ఇంజను చేసేదీ ఇదే పని. ఆ తీగే ఇక్కడ నేలకు దిగి మధ్యలో పడుకుంది.

ఇప్పుడు అలమరా తెరుద్దాం. పచ్చరంగు ఇంజను, పక్కన పేరు: డచెస్ ఆఫ్ మాంట్రోస్. రెండు చేతులతో తీయండి. ఇంత బరువుంటుందని అనుకోలేదు కదా. పైభాగమంతా జింకు కలిసిన లోహంతో పోత పోసింది. ఆ బరువే చక్రాలకు పట్టునిస్తుంది. ఇది హార్న్‌బీ డబ్లో. లివర్‌పూల్‌లో బిన్స్ రోడ్డు ఫ్యాక్టరీలో తయారైంది. పిల్లలు మరలు బిగించి బొమ్మలు కట్టుకునే మెకానో సెట్లు కనిపెట్టిన ఫ్రాంక్ హార్న్‌బీ కంపెనీదే ఆ ఫ్యాక్టరీ. ఆయన 1936లో పోయాడు. ఈ కొలత బళ్లు 1938లో వచ్చాయి. బయటి పట్టాల మధ్య దూరం పదహారున్నర మిల్లీమీటర్లు. యుద్ధం వచ్చి బొమ్మల తయారీ ఆగిపోయింది, యుద్ధమయ్యాక మళ్లీ మొదలైంది. 1959లో కంపెనీయే రెండు పట్టాల పద్ధతికి మారింది. 1964లో కంపెనీ మొత్తం లైన్స్ బ్రదర్స్ చేతికి పోయింది. మూడు పట్టాల బళ్లు ఒక్కసారిగా పాత సరుకైపోయాయి.

ఓడ మీద పనిచేసే మా మేనమామకు ఈ సెట్టు అందింది అందుకే. కొత్తదైతే ఆయన జీతానికి అందేది కాదు. లివర్‌పూల్ రేవులో ఓడ ఆగినప్పుడు సెకండ్ హ్యాండ్ కొట్లో అట్టపెట్టెతో సహా కొనుక్కొచ్చాడు. ఓడలో పనిచేసేవాళ్లు ఉన్న ఇల్లు విశాఖలో వీధికొకటి ఉంటుంది. ఒక ఇంట్లో జపాను రేడియో ఉంటే ఇంకో ఇంట్లో గోడ గడియారం, మా ఇంట్లో రైలు.

స్క్రూ విప్పి పైభాగం ఎత్తుతున్నాను, కాస్త దగ్గరికి రండి. అదిగో మోటారు. మధ్యలో రాగితీగ చుట్టిన ఆర్మేచర్, దాని చుట్టూ అయస్కాంతం, కొసన కమ్యుటేటర్, దాన్ని అటూ ఇటూ తాకుతూ రెండు చిన్న కార్బన్ బ్రష్షులు. నేను ఉక్కు ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్సులో పనిచేసినవాణ్ణి. రోలింగ్ మిల్లులో డీసీ మోటారు కమ్యుటేటర్ ముందు కూర్చుని బ్రష్షులు మార్చిన చేతులివి. అక్కడి బ్రష్షు అరచేతిలో పట్టేది కాదు, ఇక్కడిది చూపుడు వేలి గోరు మీద నిలుస్తుంది. పని మాత్రం ఒకటే, జబ్బులూ అవే. రాగి మీద పడిన లేత గోధుమరంగు పొరను చూసి మురికనుకుని గీకెయ్యకూడదు, బ్రష్షు జారేది దాని మీదే. తియ్యాల్సింది రాగి బద్దల మధ్య సందుల్లో పేరుకున్న కార్బన్ పొడి. దానికి పళ్లు కుట్టుకునే పుల్ల చాలు. ఇదిగో, ఇలా.

నూనె కుట్టుమెషినుదే. సూది కొసకు అంటినంత తీసుకుని ఇరుసు కొసలకు ముట్టించాలి. అంతకంటే ఎక్కువైతే అది కమ్యుటేటర్ మీదికి పాకి, బ్రష్షు పొడితో కలిసి జిగటైపోతుంది. ఒక్క సంగతి మాత్రం మరిచిపోకండి. సరదాకి కూడా ఆర్మేచర్‌ను అయస్కాంతం మధ్యలోంచి బయటికి లాగకండి. లాగవలసే వస్తే ఆ ఖాళీలో వెంటనే ఇనుప ముక్క పెట్టాలి. లేదంటే ఆ కాలపు అయస్కాంతాలకు బలం తగ్గిపోతుంది. పాత బండి నీరసంగా నడుస్తోందంటే, ఎప్పుడో ఎవరో ఇనుప ముక్క పెట్టకుండా దాన్ని విప్పి ఉంటారని ముందు అనుమానిస్తాను.

కింది అరలో ఉన్న అట్టపెట్టెలను చూస్తున్నారు కదూ. వాటి దగ్గర కాసేపు ఆగుదాం. పాత బొమ్మ రైళ్లు సేకరించేవాళ్లలో పెట్టె చెక్కుచెదరకూడదు, బండి పట్టా ఎక్కకూడదు అనేవాళ్లున్నారు. అసలు పెట్టె ఉంటే ధర పెరుగుతుంది, నిజమే. కానీ ఈ ఊళ్లో ఆ మాట చెల్లదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ గది కిటికీ అద్దాలు పోయాయి, వాన జల్లు లోపలికి కొట్టింది. బల్ల మీదున్న బళ్లను మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె పెట్టాను. కరెంటొచ్చాక తిప్పి చూస్తే తిరిగాయి. పెట్టెల్లో ఉన్నవి బయటికి పొడిగానే కనిపించాయి, అట్ట మాత్రం తేమ పీల్చుకుని లోపల దాచుకుంది. రేకు బోగీల అంచులన్నీ తుప్పు పట్టాయి. అట్ట తడిని పట్టి ఉంచుతుంది, రేకు దాన్ని తాగుతుంది. అందుకే నా పక్షం నేను తేల్చుకున్నాను. విశాఖలో పాత బండి బతకాలంటే నడవాలి. నడిచేదాన్ని వారం వారం తుడుస్తాం, నూనె పెడతాం, ఎక్కడ తుప్పు మొదలైనా కంటబడుతుంది. దాచినదాన్ని చూసుకునేది చెదలూ చెమ్మే.

నడిపి కాపాడలేనివి కూడా కొన్ని ఉంటాయి. ఈ డబ్బాలో చక్రాలు చూడండి, యుద్ధానికి ముందు పోత పోసినవి. పగిలి, ఉబ్బి, ముట్టుకుంటే పొడి రాలుతున్నాయి. జింకులో రవ్వంత సీసం కలిసినా ఏళ్లు గడిచేకొద్దీ పోత లోపల్నుంచి తినేస్తుంది. దానికి మందు లేదు. వేరే చక్రాలు వెయ్యడమొక్కటే దారి.

ఇక కరెంటు. గోడ ప్లగ్గులో ఉన్నది 230 వోల్టులు, బ్రిటన్ నుంచి వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్‌కు అది పనికొస్తుంది. అయినా దాన్ని పెట్టను. లోపలి తీగలకున్న రబ్బరు తొడుగు ఎండిపోయి పెళుసుబారింది, పిల్లలు ముట్టుకునే చోట అలాంటిది ఉండకూడదు. ఊళ్లోనే వైండింగ్ కొట్లో కొత్తది చుట్టించి, షార్టైతే ఆగిపోయే కటౌటు పెట్టించాను. ఆ మూల గుడ్డ కప్పి ఉన్నది అమెరికా బండి, లయొనెల్. న్యూజెర్సీలో ఉన్న మా చెల్లెలి కూతురు తెచ్చింది. దీనికంటే చాలా పెద్ద కొలత, అదీ మూడు పట్టాలదే, కానీ నడిచేది ఏసీ మీద. దాని ట్రాన్స్‌ఫార్మర్‌కు 110 వోల్టులే కావాలి. నేరుగా మన ప్లగ్గులో పెట్టారా, మాడిపోతుంది. మధ్యలో వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాల్సిందే. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన ఎన్ని సెట్లు మన ఊళ్లలో మొదటి రోజే పొగ చిమ్మి అటక ఎక్కాయో!

ఆ లయొనెల్ పుట్టుక నాకు ఎప్పుడు తలుచుకున్నా నచ్చుతుంది. న్యూయార్కులో జాషువా లయొనెల్ కోవెన్ అనే కుర్రాడు 1900లో కంపెనీ పెట్టాడు. కొట్టు అద్దాల వెనక సరుకు పెట్టి, జనం ఆగి చూసేలా కదలడానికని మోటారు బిగించిన చిన్న చెక్కబండిని తయారుచేశాడు. జనం ఆగారు. సరుకు మానేసి బండి ఎంతకిస్తారని అడిగారు. మన దేశంలో అయితే గ్వాలియర్ మహారాజు భోజనాల బల్ల మీద వెండి రైలు మద్యం సీసాలు మోసుకుంటూ తిరిగేది, అతిథి సీసా ఎత్తితే ఆగేది. దాన్ని ఇప్పటికీ జయ విలాస్ ప్యాలెస్‌లో చూడొచ్చు. రాజుగారి బల్ల మీద తిరిగినా మేడమీద గదిలో తిరిగినా లోపలున్నది అదే మోటారు.

మెట్ల మీద చప్పుడు వినబడుతోందా? పక్కింటి కుర్రాడు. వెనకే వాళ్ల తాతగారు, ఒక్కో మెట్టూ ఆగి ఎక్కుతున్నారు. ఆయన కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే కేకే లైన్లో ఇంజను డ్రైవరుగా చేసి రిటైరయ్యారు.

"తలుపెయ్యరా," అన్నాను. వేశాడు.

డచెస్‌కు పైభాగం బిగించి పట్టా మీద పెట్టాను. మీరే తిప్పండి, కరెంటు వదిలే ఆ నల్ల మీట. నెమ్మదిగా. ఇంజను గుర్‌మంటోంది, కదలడం లేదు.

"ఏటి మావయ్యా, కదల్లేదేటి?"

"నువ్వే చెప్పు. దీపం వెలుగుతోందా?"

స్టేషను దీపం వెలుగుతోంది. అంటే పట్టాల్లోకి కరెంటు వస్తోంది. గుర్‌మంటోందంటే మోటారుకూ అందుతోంది, చాలినంత అందడం లేదు. ఇంజనును వెల్లకిలా తిప్పి చూడండి. అడుగున మధ్య పట్టాను తాకే లోహపు రేకుంది, దాని స్ప్రింగు సందులో బొంతలోంచి ఊడిన దూది పోగు చిక్కుకుంది. పట్టకారుతో లాగేశాను. మళ్లీ పెట్టి మీట తిప్పండి.

వెళ్లింది. వంపులో ఒక్కసారి తూలి సర్దుకుంది. రేకు అడుగు మీద లోహపు చక్రాల మోత గదంతా నిండిపోయింది, ఇక మాట్లాడాలంటే గొంతు పెంచాలి. మధ్య పట్టా అతుకుల దగ్గర నీలి మెరుపు చిన్నగా లేస్తోంది. వేడెక్కిన నూనె, బ్రష్షుల దగ్గర పుట్టే ఓజోను కలిసిన వాసన రెండు చుట్లు తిరిగేసరికి మీ దాకా వచ్చేసింది. కొత్త ప్లాస్టిక్ సెట్లకు ఈ మోతా లేదు, ఈ వాసనా లేదు.

తాతగారు కుర్చీ గోడవార వాలు దగ్గరికి లాక్కున్నారు. ఆయన చూసేది ఎప్పుడూ ఆ వాలునే. దాన్ని 60కి 1 చొప్పున కట్టాను. మూడు మీటర్లు పోతే ఐదు సెంటీమీటర్లు లేస్తుంది. కేకే లైన్లో ఘాట్ సెక్షను వాలూ అంతే. బైలాడిల్లా ఇనుప ఖనిజం జపానుకు పంపడానికి 1960ల్లో వేసిన లైను అది. 58 సొరంగాలు. షిమిలిగూడ దగ్గరికి వచ్చేసరికి సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. 1980ల తొలి ఏళ్లలో కరెంటు వచ్చింది.

"ఎక్కడం పెద్ద పని కాదు బాబూ," అంటారాయన. "దిగడమే పని. ఎక్కేటప్పుడు బండి మన మాట వింటాది. ఖనిజం నింపుకుని దిగేటప్పుడు అది మన మాట వినదు, అదేటి సెప్తాదో మనమే సెవులొగ్గి వినాలి."

షిమిలిగూడ దాటితే కరకవలస, బొర్రా, చిమిడిపల్లి, త్యాడ, శివలింగపురం. అంత దూరమూ చక్రాల మీద బ్రేకు దిమ్మలు నొక్కి పట్టుకుంటే అవి కాలిపోతాయి. అందుకని మోటార్లనే బ్రేకుగా వాడతారు. ఆ సంగతి కుర్రాడికి నోటితో చెబితే ఎక్కదు. రెండో ఇంజను ఇలా తీసుకోండి, ట్యాంకు ఇంజను. దాని పైభాగం ముందే తీసి ఉంచాను. మోటారు రెండు కొసలకూ ముల్లు మీటరు తగిలించాను. ఒరే, ఆర్మేచర్‌ను వేలితో గిర్రున తిప్పు.

ముల్లు లేచింది.

"కరెంటెక్కడిది?" అన్నాడు, ప్లగ్గు వైపు చూస్తూ.

"నీ వేలిది."

ఇప్పుడు మీటరు తీసేసి రెండు తీగలూ ఒకదానికొకటి కలిపాను. మళ్లీ తిప్పమనండి. మీరూ తిప్పి చూడండి. ఇందాకటి కంటే బిగుసుకుంది కదా. పుట్టిన కరెంటు ఆ తీగలో తిరుగుతూ, తనను పుట్టించిన తిప్పుడికే అడ్డం పడుతోంది. ఘాట్‌లో జరిగేదీ ఇదే. బండి బరువు చక్రాలను తోస్తుంది, చక్రాలు మోటార్లను తిప్పుతాయి, మోటార్లు కరెంటు పుట్టిస్తాయి, తాతగారి రోజుల్లో దాన్ని ఇంజనులోని రెసిస్టెన్సుల్లో వేడిగా తగలేసేవారు. కొండ మీంచి దిగిన బరువంతా వేడై గాల్లో కలిసేది.

తాతగారు ఆ మోటారును చేతిలోకి తీసుకున్నారు. వాగ్-6 ఇంజన్ల సంగతి మొదలుపెట్టారు. 1987-88 ప్రాంతంలో స్వీడన్ నుంచి ఆరు, జపాన్ హిటాచీ నుంచి పన్నెండు, మొత్తం 18 వచ్చాయి, అన్నీ విశాఖ షెడ్డుకే. ఒక్కోటీ దాదాపు 6,000 హార్స్ పవరు. మన ఖనిజం ఏ దేశానికి వెళ్లిందో ఆ దేశం ఇంజన్లు కూడా ఖనిజం లాగడానికి వచ్చాయన్నమాట. దేశంలో ఇంకెక్కడా లేని బళ్లను మన షెడ్డువాళ్లు నడుపుకున్నారు. పెద్దవాళ్లు గొంతులో గర్వంతో ఈ మాట చెబుతుంటే నేను మధ్యలో అడ్డు రాను.

ఇక వాలు. డచెస్ వెనక గూడ్సు పెట్టెలు వరసగా తగిలించండి. ఒక్కో దాంట్లో సీసపు గుళ్లు వేశాను, ఖనిజం బదులు. మీట తిప్పండి. సగం ఎక్కింది. అక్కడ చక్రాలు నిలిచినచోటే తిరుగుతున్నాయి, బండి కదలడం లేదు.

"ఇసక జల్లు," అన్నారు తాతగారు వెంటనే. పెద్ద ఇంజను చక్రం జారితే పట్టా మీద ఇసక వదులుతారు. కుర్రాడు డాబా మీది పూలకుండీ వైపు పరిగెత్తబోయాడు.

"వద్దురోయ్, మోటార్లోకి పోతాది. బ్యాంకరు పెట్టు," అని తాతగారే ఆపారు.

ట్యాంకు ఇంజనుకు పైభాగం బిగించి బ్యాంకరుగా వెనక చేర్చాం. ముందు డచెస్ లాగుతోంది, వెనక ట్యాంకు తోస్తోంది. రెండు మోటార్ల వేగం ఒకటి కాదు, కప్లింగులు ఒకసారి బిగుస్తున్నాయి, ఒకసారి వదులవుతున్నాయి. అయినా ఎక్కేసింది.

దిగేటప్పుడు చూడండి. మీట కట్టేశాను. అంత బరువు వెనకుండి తోస్తున్నా బండి వాలు మధ్యలోనే ఆగిపోయింది, జారలేదు. తాతగారు ముందుకు వంగారు. ఇందులో మోటారు చక్రాన్ని తిప్పేది వార్మ్ గేరుతో, మరచుట్లున్న చిన్న ఇరుసు పళ్లచక్రాన్ని తిప్పుతుంది. పళ్లచక్రం తిరిగి ఆ ఇరుసును తిప్పలేదు. కరెంటు ఇస్తేనే కదలాలి, లేకపోతే తాళం వేసినట్టే.

"మాకిలాంటిదొకటుంటేనా!" అన్నారాయన. "త్యాడలో నిలబెట్టి నింపాదిగా టీ తాగేవోళ్లం."

"నీకేం తాతా, నువ్వు నడుపు," అని కుర్రాడు ఆయన చేతిలో మీట పెట్టాడు. ఆయన వేళ్లు మీట మీద మెల్లగా సర్దుకున్నాయి. బండిని వాలు చివరి దాకా ఒకే నడకన దించి, ప్లాట్‌ఫారం అంచుకు ఇంజను మూతి సరిగ్గా వచ్చేలా ఆపారు. కుర్రాడు అప్పటికే అలమరాలో చెయ్యి పెట్టి వెతుకుతున్నాడు.

"మావయ్యా, ఇంకో మూడు పెట్టెలున్నాయి. తగిలించీనా?"

"తగిలించు. ముందు చక్రాలు తుడువు."